ఏటీమెగా328పికి రెండో సీరియల్ పోర్టు: మోడెం జవాబుల్లో అక్షరాలు రాలిపోతున్నాయి

పిల్లకాలువ

అందరికీ నమస్కారం. నీటిమట్టాన్ని కొలిచి రికార్డు చేసే పరికరం ఒకటి తయారు చేస్తున్నాను. ఏటీమెగా328పి చిప్పు (చిన్న మైక్రోకంట్రోలర్), 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 5 వోల్టుల సరఫరా, ప్రోగ్రాం ఆర్డుయినోలో. సమయం కోసం జీపీఎస్ మాడ్యూలు, కొలతలు పంపడానికి జీఎస్ఎం మోడెం, దాచుకోవడానికి ఎస్‌డీ కార్డు తగిలించాను. కార్డు ఎస్‌పీఐ (వేరే రకం డేటా లైన్లు) మీద ఉంది కాబట్టి దానితో పేచీ లేదు. మిగతా రెండింటికీ సీరియల్ పోర్టు (డేటాని ఒక్కో బిట్టుగా పంపి, అందుకునే దారి) కావాలి, ఈ చిప్పులో ఉన్నది ఒక్కటే.

మోడెంని అసలు పోర్టుకి, అంటే 0, 1 పిన్నులకి, 115200 వేగంతో (సెకనుకి అన్ని బిట్లు) కలిపాను. జీపీఎస్‌ని 4, 5 పిన్నుల మీద సాఫ్ట్‌వేర్‌సీరియల్ లైబ్రరీతో (ఇది మామూలు పిన్నులనే ప్రోగ్రాం ద్వారా పోర్టులా నడిపిస్తుంది) 9600లో చదువుతున్నాను. విడివిడిగా రెండూ చక్కగా పనిచేస్తాయి. కలిపి నడిపితే మోడెం జవాబుల్లో అక్షరాలు రాలిపోతున్నాయి. సిగ్నల్ ఎంత ఉందని అడిగితే ఒకసారి వాక్యం మొత్తం వస్తుంది, ఇంకోసారి సగమే వస్తుంది, ఒక్కోసారి అసలేమీ రాదు.

నాలుగు రోజులుగా దీని మీదే కూర్చున్నాను. ఐదు బోర్డులు ఇప్పటికే తయారై వచ్చాయి, విడిభాగాలు కూడా అతికించేశాను, అందుకే టెన్షన్. రెండో పోర్టుని సరైన పద్ధతిలో ఎలా చేర్చాలో చెప్పగలరా?

రాగితీగ

ముందు రెండు అనుమానాలు తీర్చుకుందాం. ఒకటి కరెంటు. జీఎస్ఎం మోడెం రేడియో పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. అప్పుడు వోల్టేజి కుంగిపోతే మీరు చెప్పిన లక్షణాలే కనిపించవచ్చు. రెండోది లెవెల్స్, అంటే లైను మీద హై, లో అనిపించుకునే వోల్టేజీలు. మీ చిప్పు 5 వోల్టుల మీద ఉంది. దాని దగ్గర హై అనిపించుకోవాలంటే కనీసం 3 వోల్టులు రావాలి, ఎందుకంటే ఆ చిప్పుకి హద్దు సరఫరాలో 0.6 వంతు. మోడెం లైను అంతకన్నా తక్కువలో ఆడుతుంటే అక్షరాలు ఎప్పుడు పోతాయో చెప్పలేం. ఈ రెండూ చూశారా?

పిల్లకాలువ

చూశానండి. మోడెంకి వేరే రెగ్యులేటర్ ఉంది, పక్కనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టాను. మోడెం ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదు. మధ్యలో లెవెల్ కన్వర్టర్ ఉంది. ఇంకో సంగతి ఇప్పుడే గమనించాను: జీపీఎస్ తీగ పీకేస్తే ఒక్క అక్షరం కూడా పోవడం లేదు. తీగ మళ్లీ పెట్టగానే పోవడం మొదలవుతోంది.

తొమ్మిదోబిట్టు

ఆ చివరి వాక్యంలోనే మీ జవాబు ఉంది. కాస్త వివరంగా రాస్తాను, ఇది చాలామందికి ఎదురయ్యేదే.

సాఫ్ట్‌వేర్‌సీరియల్‌కి సొంత హార్డ్‌వేర్ లేదు. జీపీఎస్ లైను హై నుంచి లోకి పడగానే ఇంటరప్ట్ వస్తుంది, అంటే చిప్పు చేస్తున్న పని ఆపి దీని సంగతి చూస్తుంది. ఆ ఇంటరప్ట్ లోపలే కూర్చుని ఒక్కో బిట్టు కోసం ఎదురుచూసి, బైటు మొత్తం పోగుచేసుకుని గానీ బయటికి రాదు. 9600లో ఒక బిట్టు 104 మైక్రోసెకన్లు. స్టార్ట్, స్టాప్ కలిపి 10 బిట్లు, అంటే బైటుకి దాదాపు ఒక మిల్లీసెకను. అంతసేపూ మిగతా ఇంటరప్టులన్నీ గుమ్మం బయటే నిలబడాలి.

ఇప్పుడు మోడెం వైపు చూడండి. 115200లో ఒక బైటుకి 87 మైక్రోసెకన్లు. జీపీఎస్ ఒక బైటు పూర్తి చేసేలోపు మోడెం పది, పదకొండు బైట్లు పంపేయగలదు. 328పి లోపలి యూఆర్ట్ (సీరియల్ పోర్టుని నడిపే హార్డ్‌వేర్) పట్టుకోగలిగింది రెండు బైట్లు, షిఫ్ట్ రిజిస్టర్లో (బిట్లు వచ్చి చేరే చోట) ఉన్న ఇంకొకటి. ఆ తర్వాత వచ్చినవి పోయినట్టే. మోడెం ఇచ్చే "ఓకే" జవాబు, ముందూ వెనకా లైను గుర్తులతో కలిపి 6 బైట్లు. దానికి పట్టేది అర మిల్లీసెకను. అంటే జీపీఎస్ ఒక్క అక్షరం పలుకుతుండగా మోడెం జవాబంతా వచ్చి వెళ్లిపోవచ్చు. మీకు ఒక్కోసారి ఏమీ రాకపోవడానికి కారణం ఇదే.

జీపీఎస్ మాడ్యూలు అన్ని రకాల వాక్యాలూ పంపుతుంటే సెకనుకి 400, 500 బైట్లు సులభంగా అవుతాయి. అంటే ప్రతి సెకనులో సుమారు సగం కాలం మీ చిప్పు మోడెం మాట వినే స్థితిలో ఉండదు.

దీనికి తోడు 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో 115200 కచ్చితంగా రాదు. డబుల్ స్పీడ్ మోడ్‌లో పెట్టినా 117647 వస్తుంది, 2.1 శాతం తేడా. అదొక్కటే అయితే మోడెం సహిస్తుంది, కానీ మీకు మిగిలిన వెసులుబాటు తక్కువ.

చిలకపచ్చబోర్డు

ఇంత అవస్థ ఎందుకండి, చిప్పు మార్చేయండి. ఎస్‌టీఎం32ఎఫ్103సీ8లో మూడు యూఆర్ట్‌లు ఉన్నాయి. ఈఎస్‌పీ32లో మూడు ఉన్నాయి, దాదాపు ఏ పిన్నుకైనా మళ్లించుకోవచ్చు. ఆర్‌పీ2040లో రెండు ఉన్నాయి, ఒక్కోదానికి 32 బైట్ల ఫైఫో (బైట్లు వరసగా వేచి ఉండే తాత్కాలిక నిల్వ). అవి చాలకపోతే పీఐఓ అనే, పిన్నులని నడిపే ప్రత్యేక భాగంలోని 8 స్టేట్ మెషీన్లతో ఇంకా తయారు చేసుకోవచ్చు. పైగా అవి ప్రాసెసర్‌ని ఆపకుండా వాటంతట అవే నడుస్తాయి. నేను మారాక ఈ బాధే లేదు.

పాతగడియారం

చిలకపచ్చబోర్డు గారి మాట కొత్త డిజైన్‌కి సరైనదే. కానీ ఐదు బోర్డులు తయారై టేబుల్ మీద ఉన్నప్పుడు చిప్పు మార్చడమంటే అన్నీ మళ్లీ మొదలుపెట్టడమే. 3.3 వోల్టులకి మారాలి, సెన్సర్ లెవెల్స్ మారాలి, ప్రోగ్రాం మారాలి.

నేను 8051 అనే పాత చిప్పుల కాలం నుంచి ఈ పనిలో ఉన్నాను. ఆ చిప్పులోనూ ఒకటే సీరియల్ పోర్టు. రెండోది కావాలంటే డీఎస్80సీ320 లాంటి, రెండు పోర్టులున్న ప్రత్యేకమైన చిప్పు వెతకాలి. అది లేనప్పుడు కాగితం మీద ఒక పట్టిక గీసుకునేవాళ్లం: ఈ లైనులో ఎవరు మాట్లాడతారు, ఎప్పుడు మాట్లాడతారు, ఎంత వేగంగా, మనం బదులు చెప్పాలా అక్కర్లేదా. రెండో పోర్టు కావాలి అనుకున్న చోట చాలాసార్లు అర పోర్టు చాలని తేలేది.

పోర్టు అంటే రెండు దారులు, రాక (ఆర్‌ఎక్స్) ఒకటి, పోక (టీఎక్స్) ఒకటి. అవి ఒకరికే చెందాలని లేదు. జీపీఎస్ లైనుని ఆర్‌ఎక్స్‌కి కలిపి, అదే పోర్టు టీఎక్స్‌ని డీబగ్ (తప్పులు వెతికే) సందేశాలకి వాడుకున్న బోర్డులు నేను చేశాను. రెండింటి వేగం ఒకటే కావాలి, అంతే. మీ పట్టిక ఎలా ఉంటుందో ఇక్కడ రాయండి.

పిల్లకాలువ

ఇలా ఆలోచించలేదు సార్. రాస్తున్నాను. జీపీఎస్ ప్రతి సెకనూ తనంతట తానే మాట్లాడుతుంది, నాకు దానికి చెప్పాల్సింది దాదాపు ఏమీ లేదు. మోడెం అడిగితేనే జవాబిస్తుంది, కానీ మెసేజ్ వస్తే మాత్రం అడగకుండానే చెబుతుంది. మోడెంతో నేను మాట్లాడేది పదిహేను నిమిషాలకి ఒకసారి, అదీ 200 బైట్ల లోపే. అంటే 115200 వేగం నాకు అవసరమే లేదు! ఉదాహరణ ప్రోగ్రాంలో ఉంది కదా అని పెట్టేశాను.

రాగితీగ

మంచిది. అయితే మొదట మోడెంని 9600కి దించండి. ఐపీఆర్ ఆదేశంతో వేగం స్థిరపరిచి, దాన్ని మోడెంలోనే సేవ్ చేయండి. అప్పుడు జీపీఎస్ బైటు ఒకటి పూర్తయ్యేలోపు మోడెం నుంచి ఒకటి, మహా అయితే రెండు వస్తాయి. వాటిని హార్డ్‌వేర్ పట్టుకోగలదు. 9600కి 16 మెగాహెర్ట్జ్‌లో తేడా 0.2 శాతమే, కాబట్టి ఆ బెంగ కూడా పోతుంది. తీగ ఒక్కటి కూడా కదపకుండా ఇది చేసి చూడండి.

పిల్లకాలువ

చేశాను. బాగా తేడా కనిపించింది! రాత్రంతా నడిపితే మోడెం జవాబు నాలుగు సార్లే చెడింది. ఇంతకుముందు గంటకి పదుల సంఖ్యలో చెడేది. కానీ ఆ నాలుగూ కూడా ఉండకూడదు కదా. ఈ పరికరాల దగ్గరికి రోజూ వెళ్లి చూసే వీలు ఉండదు.

తొమ్మిదోబిట్టు

మీ పట్టుదల నచ్చింది. ఆ నాలుగూ కూడా పోవాలంటే సాఫ్ట్‌వేర్‌సీరియల్‌ని వదిలేయాలి. ఆల్ట్‌సాఫ్ట్‌సీరియల్ అనే లైబ్రరీ ఉంది. ఇది బిట్ల కోసం ఇంటరప్ట్‌లో కూర్చుని ఎదురుచూడదు. టైమర్1లోని ఇన్‌పుట్ క్యాప్చర్ వాడుకుని లైను ఎప్పుడు మారిందో ఆ క్షణాన్ని హార్డ్‌వేర్ చేతే నమోదు చేయిస్తుంది. ఇంటరప్ట్‌లో ఉండేది కొద్ది మైక్రోసెకన్లే. మిగతా సమయమంతా మోడెం ఇంటరప్టులకి దారి ఖాళీ. పంపడం, స్వీకరించడం ఒకేసారి కూడా చేయగలదు. 9600 దీనికి చాలా తేలిక.

ప్రతిఫలంగా అది అడిగేవి ఇవి. పిన్నులు మార్చుకునే వీలు లేదు, స్వీకరణ 8, ప్రసారం 9. టైమర్1 దానికే చెందుతుంది కాబట్టి 10వ పిన్ను మీద పీడబ్ల్యూఎం (పల్సుల వెడల్పు మార్చే అవుట్‌పుట్) ఉండదు. మీ బోర్డులో 8, 9 ఖాళీగా ఉన్నాయా?

పిల్లకాలువ

లేవు. 8 మీద ఎల్‌ఈడీ ఉంది. 9 మీద సెన్సర్‌కి కరెంటు ఇచ్చే ట్రాన్సిస్టర్ ఉంది.

రాగితీగ

ఆ రెండింటికీ మామూలు డిజిటల్ పిన్ను చాలు కదా. అటుదిటు ఇటుదటు మార్చండి. ఎల్‌ఈడీని 4కి, ట్రాన్సిస్టర్‌ని 5కి పంపించి, జీపీఎస్‌ని 8, 9కి తెండి. నాలుగు ట్రేస్‌లు (బోర్డు మీది రాగి దారులు) కోయాలి, నాలుగు సన్నటి ఎనామెల్ తీగలు అతికించాలి. ట్రేస్‌ని ఒకేచోట కాకుండా రెండు గాట్లు పెట్టి మధ్య రేకు ముక్క తీసేయండి, మళ్లీ తగులుకునే భయం ఉండదు. మల్టీమీటర్‌తో ఒక్కోటి చూసుకుంటూ చేస్తే బోర్డుకి అరగంట పట్టవచ్చు. ఐదు బోర్డులే కదా, చేయదగ్గ పనే.

ఇంకొకటి. 9వ పిన్ను నుంచి జీపీఎస్ ఆర్‌ఎక్స్‌కి వెళ్లే లైను మీద 5 వోల్టులు ఉంటాయి. మాడ్యూలు 3.3 వోల్టులదైతే మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్‌ల డివైడర్ (వోల్టేజి తగ్గించే రెసిస్టర్ల జంట) పెట్టండి, సుమారు 3.3 వస్తుంది.

వెన్నెలరాత్రి

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి, నాదీ దాదాపు ఇదే సమస్య. 8051 రకం చిప్పు, ఒకటే పోర్టు, మూడు సెన్సర్లు. మూడూ సీరియల్‌లోనే మాట్లాడతాయి, కానీ అడిగితేనే జవాబిస్తాయి. 74హెచ్‌సీ4052 పెట్టి ఒక్కోదాన్ని వంతులవారీగా కలపొచ్చా?

పాతగడియారం

నిక్షేపంగా కలపొచ్చు. మీ సెన్సర్లు అడిగితేనే పలుకుతాయి కాబట్టి మీకు అది సరైన దారి. 4052లో నాలుగు దారుల స్విచ్చులు రెండుంటాయి. ఒకటి టీఎక్స్‌కి, ఒకటి ఆర్‌ఎక్స్‌కి. రెండు పిన్నులతో ఎవరితో మాట్లాడాలో ఎంచుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు చెబుతాను. సీరియల్ లైను ఖాళీగా ఉన్నప్పుడు హైలో ఉండాలి. ఎంపిక కాని సెన్సర్ ఆర్‌ఎక్స్ గాలిలో వేలాడుతుంటే, చిన్న అలజడికే స్టార్ట్ బిట్టు వచ్చిందనుకుని చెత్త చదువుతుంది. కాబట్టి ప్రతి సెన్సర్ ఆర్‌ఎక్స్‌కీ, మీ చిప్పు ఆర్‌ఎక్స్‌కీ 10 కిలో ఓమ్‌ల పుల్‌అప్ (లైనుని హైలో నిలిపే రెసిస్టర్) పెట్టండి. రెండోది, చివరి బైటు పూర్తిగా వెళ్లేదాకా దారి మార్చకండి. పంపాల్సిన బైట్లు ఉండే బఫర్ ఖాళీ అయిందంటే బైటు బయలుదేరిందని మాత్రమే అర్థం, చేరిందని కాదు. క్రిస్టల్ 11.0592 మెగాహెర్ట్జ్‌దే వాడుతున్నారు కదా? 12 అయితే 9600 కుదరదు.

సెన్సర్లలో ఏదైనా ఆర్‌ఎస్-232 లెవెల్‌లో మాట్లాడేదైతే, ఆ లెవెల్స్‌ని మార్చే చిప్పు ఒక మ్యాక్స్232లోనే రెండు పంపేవీ రెండు అందుకునేవీ ఉంటాయి. హ్యాండ్‌షేక్ లైన్లు వాడకపోతే అదొక్కటే రెండు పోర్టులకి సరిపోతుంది. చాలామంది సగం చిప్పుని ఖాళీగా వదిలేసి ఇంకొకటి పెడుతుంటారు.

వెన్నెలరాత్రి

11.0592యే సార్. పుల్‌అప్‌ల సంగతి తెలియదు, ఇప్పుడే గీసుకుంటున్నాను. చాలా థాంక్స్.

పిల్లకాలువ

ఒక బోర్డుకి తీగలు మార్చాను. మోడెం ఇప్పుడు రెండు రాత్రులు, ఒక పగలు ఒక్క తప్పు లేకుండా నడిచింది. కానీ కొత్తగా ఇంకొకటి కనబడింది. నిమిషానికి ఒకసారి ఎస్‌డీ కార్డులో రాస్తాను కదా, సరిగ్గా అప్పుడప్పుడు ఆ సమయంలోనే జీపీఎస్ వాక్యం విరిగిపోతోంది. చెక్‌సమ్ (వాక్యం సరిగా వచ్చిందో తేల్చే అంకె) కుదరడం లేదు.

తొమ్మిదోబిట్టు

ఇది వేరే జబ్బు. ఇప్పుడు ఇంటరప్టులు బాగానే ఉన్నాయి, వచ్చిన బైట్లు దాచే బఫర్ నిండిపోతోంది. ఎస్‌డీ కార్డు ఒక బ్లాక్ రాసుకుని "సరే" అనడానికి 250 మిల్లీసెకన్ల దాకా తీసుకోవచ్చు, నియమాలే అందుకు ఒప్పుకుంటాయి. అంతసేపూ మీ ప్రోగ్రాం కార్డు దగ్గరే ఆగి ఉంటుంది. 9600లో ఆ సమయానికి 240 బైట్లు వస్తాయి. స్వీకరణ బఫర్ అందులో సగం కూడా లేదు. బఫర్ పెంచుదామంటే చిప్పులో ర్యామ్ మొత్తం 2 కిలోబైట్లే, అందులో కార్డు లైబ్రరీ 512 బైట్లు తీసుకుంటుంది.

బఫర్‌ని పెంచే బదులు జీపీఎస్ మాటలు తగ్గించండి. మీకు కావలసింది సమయం, స్థానం. రెండూ ఆర్‌ఎంసీ వాక్యంలోనే ఉంటాయి. మిగతావి ఆపేయమని చెప్పండి. మీడియాటెక్ చిప్పున్న మాడ్యూలుకి పీఎంటీకే314, యూబ్లాక్స్ అయితే పీయూబీఎక్స్40 ఆదేశం. కరెంటు పోతే మరిచిపోవచ్చు, కాబట్టి ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ పంపండి. 9వ పిన్ను తీగ వృథా కాలేదన్నమాట!

అప్పుడు సెకనుకి వచ్చేది దాదాపు 70 బైట్లు. అవి 73 మిల్లీసెకన్లలో అయిపోతాయి. తర్వాత 900 మిల్లీసెకన్లకి పైగా నిశ్శబ్దం. ఆర్‌ఎంసీ వాక్యం చివరి అక్షరం రాగానే కార్డులో రాయండి. 250 మిల్లీసెకన్లు పట్టినా మీకు నష్టం లేదు.

పిల్లకాలువ

ఇది చదివాక ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. రాయడాన్ని ఆ ఖాళీలోకి జరిపాను. ఐదు బోర్డులకీ తీగలు మార్చేశాను. వారం రోజులుగా ఐదూ నడుస్తున్నాయి. చెక్‌సమ్ తప్పులు సున్నా, మోడెం తప్పులు సున్నా.

ఇక తర్వాతి బోర్డు. ఈసారి మొదటి నుంచే రెండు పోర్టులు ఉండాలి. ఉన్న ప్రోగ్రాం వీలైనంత అలాగే ఉంచాలని ఉంది. ఏటీమెగా328పీబీలో రెండు యూఆర్ట్‌లు ఉన్నాయని చదివాను. ఆ చిప్పు అదే చోట అతికిస్తే సరిపోతుందా?

చిలకపచ్చబోర్డు

చిప్పు అలాగే ఉంచి పక్కన ఎస్‌సీ16ఐఎస్750 పెట్టే దారి కూడా ఉంది. ఐ2సీ (రెండు తీగల డేటా లైను) లేదా ఎస్‌పీఐ మీద కూర్చుని ఒక పూర్తి యూఆర్ట్ ఇస్తుంది. పంపడానికి 64, అందుకోవడానికి 64 బైట్ల ఫైఫో. 752 అయితే రెండు పోర్టులు.

రాగితీగ

అది మంచి చిప్పే, నేను వాడాను. కానీ లెక్క వేసుకుని వాడాలి. 400 కిలోహెర్ట్జ్ ఐ2సీలో ఒక్కో బైటు విడిగా చదివితే చిరునామా, రిజిస్టర్ నంబరు, మళ్లీ చిరునామా, ఆపైన డేటా, అన్నీ కలిపి 90 మైక్రోసెకన్లు దాటుతుంది. 115200లో బైటు 87కే వస్తుంది. ఒక్కోటి చదివితే ఎప్పటికీ అందుకోలేరు, ఫైఫోలో ఎన్ని ఉన్నాయో అడిగి గుత్తగా చదవాలి. ఆ చిప్పు 3.3 వోల్టులది, దానికి సొంత క్రిస్టల్ కావాలి, ఇంటరప్ట్ లైనుకి పుల్‌అప్ కావాలి. ఎస్‌డీ కార్డు కోసం 250 మిల్లీసెకన్లు ఆగిపోతే 64 బైట్లూ నిండిపోతాయి. మూడు, నాలుగు పోర్టులు కావలసిన చోట నేను అటు వెళ్తాను.

328పీబీ విషయానికొస్తే, ఆగండి. దాని రెండో యూఆర్ట్ పీబీ3, పీబీ4 పిన్నుల మీద ఉంది. అవి మీ ఎస్‌డీ కార్డు వాడుతున్న ఎస్‌పీఐ పిన్నులే, మోసీ, మీసో. రెండో ఎస్‌పీఐ కూడా ఆ చిప్పులో ఉంది కాబట్టి కార్డుని అక్కడికి మార్చవచ్చు, కానీ అప్పుడు బోర్డూ మారుతుంది, లైబ్రరీ కూడా మారుతుంది. పాత చిప్పులో 3వ కాలు గ్రౌండ్, 6వది సరఫరా. 328పీబీలో అవి 'పోర్ట్ ఈ' అనే గుంపులోని మామూలు పిన్నులు. పాత బోర్డు మీదే అతికించి, ప్రోగ్రాంలో పొరపాటున వాటిని అవుట్‌పుట్ చేస్తే షార్ట్ అవుతుంది.

నేనైతే ఏటీమెగా1284పి తీసుకుంటాను. రెండు యూఆర్ట్‌లూ పోర్ట్ డీ మీద వరసగా పీడీ0 నుంచి పీడీ3 దాకా ఉంటాయి, ఎస్‌పీఐతో తగవు లేదు. ర్యామ్ 16 కిలోబైట్లు, బఫర్ల బెంగ తీరిపోతుంది. 40 కాళ్ల డిప్ ప్యాకేజీలోనూ దొరుకుతుంది, బ్రెడ్‌బోర్డు మీద ముందే పరీక్షించుకోవచ్చు.

పిల్లకాలువ

1284పి ఖాయం. క్రిస్టల్ కూడా 14.7456 మెగాహెర్ట్జ్‌ది పెడుతున్నాను, ఎప్పుడైనా 115200 కావలసినా తేడా సున్నా. మోడెం యూఆర్ట్0 మీద, జీపీఎస్ యూఆర్ట్1 మీద. ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు మోడెం లైను అడ్డం రాకుండా ఆర్‌ఎక్స్ దారిలో జంపర్ పెట్టాను. నాలుగు సీరియల్ తీగలకీ టెస్ట్ ప్యాడ్‌లు వదిలాను. గీసిన బొమ్మ ఇంకొకసారి చూస్తారా?

పాతగడియారం

చూశాను, బాగుంది. ఒక్కటి మార్చండి. మోడెం కనెక్టర్ దగ్గర ఆర్‌ఎక్స్, టీఎక్స్ అని మాత్రమే రాశారు. ఎవరి ఆర్‌ఎక్స్? మీ చిప్పుదా, మోడెందా? ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు. మోడెం మాడ్యూళ్ల మీద కూడా కొందరు తమ వైపు నుంచి, కొందరు ఎదుటివారి వైపు నుంచి పేరు రాస్తారు. పేరు పక్కన బాణం గుర్తు వేయండి, సిగ్నల్ ఎటు ప్రవహిస్తుందో తెలిసేలా.

పిల్లకాలువ

నాలుగు తీగలకీ బాణాలు వేశాను సార్. ఫైళ్లు ఇప్పుడే తయారీకి పంపాను. బోర్డులు రాగానే రెండు పోర్టుల తరంగాలూ లాజిక్ ఎనలైజర్‌లో పట్టి ఇక్కడే పెడతాను.